సరస్సును చేరని నది

*పక్కనే నిండుకుండలాంటి సరస్సు. మధ్యలో ఒక్క గట్టు. అయినా ఆ ఏరు సరస్సులో కలవకుండా దాని పక్కనుంచే సాగిపోతుంది. స్విట్జర్లాండ్‌లోని సీల్ నది కథ ఇది. ఒకప్పుడు ఊరి పొయ్యిల్లోకి కట్టెలు మోసింది, మిల్లుల చక్రాలు తిప్పింది, ఇప్పుడు రైళ్లు నడుపుతోంది. ఇంత చేసినా జూరిక్ నగరానికి ఆ నదంటే ఇప్పటికీ కాస్త గుబులే!*

జూరిక్ ప్రధాన రైల్వేస్టేషన్. స్విట్జర్లాండ్‌లోకెల్లా రద్దీగా ఉండే చోటు. ఒక రైలు దిగి, మెట్లమీదుగా కిందికి వెళ్లి, భూగర్భంలోని ప్లాట్‌ఫారాల మీద ఇంకో రైలు ఎక్కుతుంటారు జనం. చేతిలో కాఫీ కప్పు, భుజాన బ్యాగు, కళ్లు గడియారం మీద. పై పట్టాలకూ కింది పట్టాలకూ మధ్యలోంచి తాము దాటింది ఒక నదిని అని వాళ్లలో చాలామందికి తట్టనే తట్టదు. నిజమే మరి, ఆ నది ఎక్కడా కనిపించదు. స్టేషన్ కింద కట్టిన అయిదు కాలువల్లాంటి దారుల్లో దూరి, చీకట్లో పారి, అవతలి పక్క మళ్లీ వెలుగులోకి వస్తుంది. పైన రైళ్లు, కింద రైళ్లు... నడుమ నీళ్లు!

ఆ నది పేరు సీల్. పొడవు సుమారు 70 కిలోమీటర్లు. మన గోదావరి, కృష్ణల పక్కన పెడితే పిల్లకాలువ కిందే లెక్క. ఎండాకాలంలో చాలాచోట్ల రాళ్లమీద అడుగులేసుకుంటూ దాటేయొచ్చు. జూరిక్ చూడ్డానికి వెళ్లినవాళ్లు సరస్సు ఒడ్డున ఫొటోలు దిగుతారు, లిమ్మత్ నది వంతెనల మీద షికారు చేస్తారు. సీల్ వంక చూసేవాళ్లు తక్కువ. కానీ ఆ నగరం ఎలా పుట్టి ఎలా పెరిగిందో తెలుసుకోవాలంటే ఈ చిన్న ఏటి వెంబడే నడవాలి.

మంచు మళ్లించిన దారి

ష్వీజ్ రాష్ట్రంలో ద్రూస్‌బెర్గ్ అని ఒక కొండ. దాని ఉత్తరపు వాలులో చిన్న చిన్న ఊటలుగా మొదలవుతుంది సీల్. అక్కణ్నుంచి పచ్చికబయళ్ల నడుమ దిగుతూ ఉత్తరానికి వస్తుంది. ఆ వరస చూస్తే ఎవరికైనా ఒకటే అనిపిస్తుంది, ఇది నేరుగా వెళ్లి జూరిక్ సరస్సులో పడుతుందని. పడాలి కూడా. షిండెల్లేగి అనే ఊరి దగ్గరికి వచ్చేసరికి సరస్సు మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. పైగా ఎంతో పల్లంలో.

కానీ సరిగ్గా అక్కడే నది మొహం తిప్పేస్తుంది. వాయవ్యానికి తిరిగి, సరస్సుకు సమాంతరంగా, పాతిక ముప్పై కిలోమీటర్లు వెళ్లిపోతుంది. కొన్నిచోట్ల రెండింటికీ మధ్య దూరం రెండు కిలోమీటర్లే. అయినా కలవదు.

ఇదంతా మంచు చేసిన పని. దాదాపు 20 వేల ఏళ్ల కిందట, చివరి మంచుయుగంలో, ఇప్పుడు జూరిక్ సరస్సు ఉన్నచోట ఒక హిమానీనదం ఉండేది. ఆల్ప్స్ కొండలమీంచి రాళ్లనూ మట్టినీ ఈడ్చుకొస్తూ, వాటిని తన అంచుల్లో గట్టులా పోసింది. సీల్ వచ్చేసరికి ఎదురుగా మంచుగోడ. వెళ్లడానికి దారి లేక ఆ అంచు వెంబడే పారింది. మంచు కరిగిపోయింది, దాని చోట సరస్సు వచ్చింది. కానీ పోసిన గట్టు మాత్రం మిగిలిపోయింది. అప్పుడు పక్కకి జరిగిన నది ఇప్పటికీ ఆ పక్క దారినే పోతోంది.

ఈ ఒక్క గట్టే తర్వాతి కథంతా నడిపించింది. సరస్సులో పడి ఉంటే వరదనీరంతా అందులో సర్దుకునేది. పడలేదు కాబట్టి కొండల్లో కురిసిన వాన మొత్తం నేరుగా నగరం గుమ్మంలోకి వస్తుంది!

మఠం, వంతెన, ఓ వైద్యుడు

నది ఎగువన ఐన్‌సీడెల్న్ అనే ఊరుంది. ఆ పేరుకు ఏకాంతవాసుల చోటు అని అర్థం. తొమ్మిదో శతాబ్దంలో మైన్‌రాడ్ అనే సన్యాసి ఈ అడవిలో ఒంటరిగా ఉండేవాడట. 861లో ఇద్దరు దొంగలు ఆయన్ని చంపేశారు. ఆయన పెంచిన రెండు కాకులు ఆ దొంగలను జూరిక్ దాకా వెంటాడి పట్టించాయని అక్కడివాళ్లు కథగా చెప్పుకుంటారు. 934లో అక్కడ బెనెడిక్టీన్ మఠం వెలిసింది. అందులోని నల్ల మేరీమాతను చూడ్డానికి వందల ఏళ్లుగా యాత్రికులు వస్తూనే ఉన్నారు. ఇప్పుడు వచ్చేవాళ్లలో శ్రీలంక నుంచి వలసవెళ్లిన తమిళ హిందువులూ ఉన్నారు. నల్లని అమ్మవారి ముందు వాళ్లూ కొవ్వొత్తి వెలిగించి దణ్నం పెట్టుకుంటారు.

పాతరోజుల్లో సరస్సు వైపునుంచి కొండెక్కి వచ్చే యాత్రికులు మఠం చేరాలంటే సీల్ దాటాల్సిందే. ఎగ్ అనే పల్లె దగ్గర ఉన్న వంతెన అందుకే. దానికి 'దెయ్యం వంతెన' అని పేరు. పైకప్పు ఉన్న రాతి వంతెన. దాని దగ్గరే 1493 ప్రాంతంలో ఒక వైద్యుడి ఇంట మగబిడ్డ పుట్టాడు. పెద్దయ్యాక పారాసెల్సస్ పేరుతో ఐరోపా అంతా తిరిగి, పాత గ్రంథాల వైద్యాన్ని ఎదిరించి, ఖనిజాలనూ రసాయనాలనూ మందులుగా వాడిచూపిన మనిషి అతనే. ఏ పదార్థమైనా విషమా కాదా అన్నది మోతాదును బట్టే ఉంటుందన్నది అతను చెప్పిన సూత్రం. సీల్ విషయంలోనూ అంతే. కొంచెమైతే కట్టెలు మోస్తుంది, మోతాదు మించితే ఊరు ముంచుతుంది.

రైళ్ల కోసం మునిగిన లోయ

ఐన్‌సీడెల్న్ పక్కన సీల్ పారే ఎత్తయిన లోయ ఒకప్పుడు బురదనేల. మంచుయుగం తర్వాత అక్కడ సహజంగా ఏర్పడిన చెరువు క్రమంగా పూడిపోతే మిగిలిన నేల అది. గడ్డి కోసుకునేవాళ్లు, పశువులు మేపుకునేవాళ్లు. నేలలో పేరుకుపోయిన కుళ్లిన నాచును ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, వంటచెరుకుగా వాడుకునేవాళ్లు.

మొదటి ప్రపంచయుద్ధం ఆ లోయ తలరాత మార్చింది. స్విట్జర్లాండ్‌లో చెప్పుకోదగ్గ బొగ్గు గనులు లేవు. రైళ్లు నడవాలంటే బయటినుంచి బొగ్గు రావాలి. యుద్ధంలో అది సరిగా రాక రైళ్లు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఇక ఎవరిమీదా ఆధారపడకూడదని రైల్వే కరెంటు దారి పట్టింది. కొండలున్నాయి, నీళ్లున్నాయి, ఇంకేం కావాలి? ఎక్కడెక్కడ ఆనకట్ట కట్టొచ్చో వెతికారు. సీల్ లోయ కనిపించింది.

1932 నుంచి 1937 వరకు పనులు సాగాయి. 33 మీటర్ల ఎత్తున ఆనకట్ట లేచింది. 1937లో లోయలోకి నీళ్లు వదిలారు. దాదాపు 11 చదరపు కిలోమీటర్ల జలాశయం ఏర్పడింది. విస్తీర్ణంలో స్విట్జర్లాండ్‌లోకెల్లా పెద్ద కృత్రిమ సరస్సు ఇదే. నిండితే సుమారు 9.6 కోట్ల ఘనపు మీటర్ల నీరు. మన లెక్కల్లో మూడున్నర టీఎంసీలకు కాస్త తక్కువ.

అయితే ఆ నీళ్ల కింద ఖాళీనేల లేదు. ఇళ్లున్నాయి, కొట్టాలున్నాయి, తరాలుగా కోసుకున్న గడ్డినేలలున్నాయి. డజన్ల కొద్దీ కుటుంబాలు ఇల్లూ వాకిలీ వదులుకుని లేచిపోవాల్సి వచ్చింది. కొందరు ఒడ్డుమీద కొత్త ఇళ్లు కట్టుకున్నారు. కొందరు వేరే ఊళ్లకు వెళ్లిపోయారు. అటు ఒడ్డునా ఇటు ఒడ్డునా విడిపోయిన పల్లెలను కలపడానికి సరస్సు మీద రెండు పొడవాటి వంతెనలు కట్టారు. అందులో విల్లర్‌జెల్ వంతెన పొడవు 1,115 మీటర్లు. ఇప్పుడు దానిమీద సైకిల్ తొక్కుకుంటూ వెళ్లేవాళ్లకు రెండువైపులా నీలిరంగు నీళ్లు, చుట్టూ కొండలు... బొమ్మలో చూసినట్టే ఉంటుంది. అడుగున ఏముందో తెలిస్తే ఆ నీలం ఇంకోలా కనిపిస్తుంది. ఆనకట్టల కింద ఊళ్లు పోగొట్టుకున్న మన పల్లెవాసులకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇందులోనే ఒక తమాషా ఉంది. జలాశయం నీళ్లు 889 మీటర్ల ఎత్తున ఉంటాయి. జూరిక్ సరస్సు 406 మీటర్ల దగ్గర. కొండను తొలిచి, సొరంగం వేసి, పెద్ద పైపుల్లోంచి ఆ నీటిని సరస్సు ఒడ్డునున్న ఆల్టెన్‌డార్ఫ్ విద్యుత్కేంద్రానికి దించారు. సుమారు 480 మీటర్ల జారుడు! టర్బైన్లు తిప్పేసి ఆ నీళ్లు జూరిక్ సరస్సులో కలిసిపోతాయి. అంటే మంచు మూసేసిన దారిని మనిషి కొండలోంచి తెరిచాడన్నమాట. అవసరమైతే సరస్సు నీటిని మళ్లీ పైకి తోడి జలాశయంలో నింపుకునే ఏర్పాటూ ఉంది. రైళ్లకు కరెంటు ఎక్కువ కావాల్సిన వేళకు ఆ నీళ్లు మళ్లీ కిందికి.

కానీ ఆనకట్ట దిగువన అసలు నది మాత్రం చిక్కిపోయింది. వాటాగా వదిలే కొద్దిపాటి నీటితోనూ, దారిలో కలిసే ఆల్ప్, బీబర్ లాంటి ఏళ్ల నీటితోనూ మళ్లీ నదిననిపించుకుంటుంది.

కట్టెల అడవి, కవి అధికారి

ఇరుకు లోయల్లోంచి, జూగ్, జూరిక్ రాష్ట్రాల సరిహద్దుల మీదుగా దిగి సీల్‌వాల్డ్ అడవిలోకి వస్తుంది నది. సుమారు వెయ్యి హెక్టార్ల బీచ్ చెట్ల అడవి. జూరిక్‌కీ ఈ అడవికీ బంధం చాలా పాతది. 853లో జర్మన్ రాజు లూయీ ఈ కొండపట్టు అడవిని జూరిక్‌లోని ఫ్రౌమ్యూన్‌స్టర్ మఠానికి రాసిచ్చాడు. 1524లో మత సంస్కరణల వేళ ఆ మఠం ఆస్తులన్నీ నగరం చేతికి వచ్చాయి. వాటితోపాటు అడవీ వచ్చింది.

అడవి ఉంది సరే, కట్టెలు ఊరికి చేరేదెలా? లోయలో సరైన బాటల్లేవు. అందుకే నదినే బాటగా వాడుకున్నారు. చెట్లు కొట్టి, ముక్కలు చేసి, ఒడ్డున పేర్చి, నీళ్లు బాగున్నప్పుడు ఏట్లోకి తోసేసేవాళ్లు. అవి కొట్టుకుంటూ జూరిక్ చేరేవి. అక్కడ అడ్డుకట్టలు వేసి ఆపి, ఒడ్డుకు లాగి ఎండబెట్టేవాళ్లు. రాళ్లమధ్య ఇరుక్కున్న దుంగల్ని పొడవాటి కొక్కేల కర్రలతో కదిలించడానికి మనుషులు మంచులాంటి నీళ్లలో మోకాళ్లలోతున దిగేవాళ్లు. చలికాలంలో జూరిక్ ఇళ్లు వెచ్చగా ఉన్నాయంటే ఆ మనుషుల పుణ్యమే.

ఈ వ్యవహారమంతా చూసుకోవడానికి నగరం ఒక అధికారిని పెట్టేది. ఆయన్ని 'సీల్ దొర' అన్న అర్థమొచ్చే పేరుతో పిలిచేవాళ్లు. 1781లో ఆ ఉద్యోగం సాలమన్ గెస్నర్‌కు దక్కింది. ఆయన కవి, చిత్రకారుడు. పచ్చికబయళ్లు, గొర్రెలకాపరుల గురించి ఆయన రాసిన రచనలు అప్పట్లో ఐరోపా భాషల్లోకి వెళ్లాయి. 1780లో మొదలై, ఇప్పటికీ వెలువడుతున్న జూరిక్ దినపత్రిక స్థాపనలోనూ ఆయన చెయ్యి ఉంది. అలాంటి మనిషి వేసవి నెలల్లో ఈ అడవిలో మకాం పెట్టి, కట్టెల లెక్కలు చూస్తూ, మిగిలిన వేళ బొమ్మలు గీసుకునేవాడు.

అడవిని నగరం చాలాకాలం కలప కోసం వాడుకుంది. ఇప్పుడు గొడ్డలి ఆగింది. ఈ శతాబ్దం మొదట్లో నరకడం మానేసి, చెట్టు పడితే పడ్డచోటే కుళ్లనిస్తున్నారు. ఆ కుళ్లిన మానుల్లో పురుగులు, పుట్టగొడుగులు, వాటికోసం పక్షులు. 2010లో స్విట్జర్లాండ్ దీన్ని ప్రకృతి ఉద్యానంగా గుర్తించింది. నగరానికి పొయ్యిలోకి కట్టెలిచ్చిన అడవి ఇప్పుడు ఆదివారాలు నడవడానికి నీడనిస్తోంది.

చక్రాలు తిప్పిన నీళ్లు

అడవి దాటగానే లాంగ్నౌ, ఆడ్లిస్‌విల్. ఇప్పుడు జూరిక్ శివార్లు. పంతొమ్మిదో శతాబ్దంలో మాత్రం ఇక్కడ ఏటి పొడుగునా మిల్లులే. నదికి చిన్న అడ్డుకట్ట వేయడం, పక్కనుంచి కాలువ తీయడం, ఆ కాలువ నీటితో చక్రం తిప్పడం. లాంగ్నౌ వైపు నూలు వడికేవాళ్లు. ఆడ్లిస్‌విల్‌లో పట్టు నేసేవాళ్లు. అప్పట్లో ప్రపంచంలోని పేరున్న పట్టు కేంద్రాల్లో జూరిక్ ఒకటి. ఆడ్లిస్‌విల్ పట్టుమిల్లులో పొద్దున్నుంచి రాత్రిదాకా మగ్గాలముందు నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. 1892లో ఈ లోయలోకి రైలు కూడా వచ్చింది. అడవిలోంచి కలప, మిల్లులనుంచి బట్ట దానిమీద సాగాయి.

పట్టు వెలుగు ఎంతోకాలం నిలవలేదు. 1930ల ఆర్థికమాంద్యంలో ఆ పెద్ద మిల్లు మూతపడింది. మగ్గాలతో ముడిపడ్డ ఊరు ఒక్కసారిగా పని లేకుండా నిలబడింది.

నగరంలోకి అడుగుపెడితే ఒక ఎత్తయిన ఇటుకల పొగగొట్టం కనిపిస్తుంది. అది సీల్ ఒడ్డునున్న కాగితపు మిల్లుది. నీళ్లు లేకుండా కాగితం లేదు. గుజ్జు కలపాలన్నా, కడగాలన్నా నదే దిక్కు. ఇప్పుడు ఆ మిల్లు లేదు. దాని ఆవరణలోనే 2007లో సీల్‌సిటీ అనే షాపింగ్ సెంటర్ తెరిచారు. పొగగొట్టాన్ని మాత్రం గుర్తుగా ఉంచేశారు. దానిలోంచి పొగ రాదు, కింద బట్టల దుకాణాలు, సినిమా హాళ్లు.

అక్కణ్నుంచి నదికి ఆకాశం కూడా సరిగా దక్కదు. 1970లలో సరిగ్గా నది నెత్తిన, నీళ్లలోనే స్తంభాలు నాటి, ఎత్తయిన మోటారురోడ్డు వేశారు. మూడువైపుల రహదారులనూ నగరం నడిబొడ్డున కలిపేయాలన్నది ఆనాటి పథకం. జనం ఎదురుతిరగడంతో అది ముందుకు సాగలేదు. రోడ్డు సగంలో ఆగింది. నది మాత్రం ఆ సగం రోడ్డు నీడలో కాంక్రీటు స్తంభాల మధ్యనుంచి ఇప్పటికీ పారుతూనే ఉంది. 1990లో సీల్ లోయ రైలుమార్గాన్ని ప్రధాన స్టేషన్ దాకా పొడిగించినప్పుడు ఇక స్థలం ఎక్కడా లేక, ఏటి అడుగునుంచే సొరంగం తీసుకెళ్లారు. పైన రోడ్డు, మధ్యన నీళ్లు, కింద రైలు. నగరానికి జాగా ఇరుకైన ప్రతిసారీ సర్దుకున్నది నదే!

గుబులు పుట్టించే వాన

అలాగని ఎప్పుడూ సర్దుకుంటుందనుకుంటే పొరపాటే. జూరిక్ పడమటి పేటలున్న చదునునేల సీల్ వేలయేళ్లుగా తెచ్చిపోసిన కంకరే. అంటే ఒకప్పుడు నది అక్కడంతా ఇష్టమొచ్చినట్టు తిరిగేదన్నమాట. 1910 జూన్‌లో ఆ పాతదారులు దానికి గుర్తొచ్చాయి. పెద్దవానలకు సీల్ పొంగి పేటల్లోకి వచ్చింది.

ఆనకట్ట వచ్చాక ఎగువ వరద కొంత ఆగుతోంది. కానీ దానితో ఇంకో భయం వచ్చింది. ఆనకట్టే తెగితే? అలాంటిది జరిగే అవకాశం చాలా తక్కువని ఇంజినీర్లు చెబుతారు. అయినా ఏర్పాట్లు మానలేదు. తెగితే నీళ్లు జూరిక్ చేరడానికి రెండు గంటలలోపే పడుతుందని లెక్కగట్టి, ఎవరు ఏ ఎత్తుకు వెళ్లాలో ముందే పథకం వేసి పెట్టారు. ఏటా ఫిబ్రవరి మొదటి బుధవారం దేశమంతటా సైరన్లు మోగించి సరిచూసుకుంటారు.

అసలు చిక్కు మాత్రం మామూలు వరదతోనే. 2005 ఆగస్టులో ఆల్ప్స్ ఉత్తరభాగాన్ని కుండపోత ముంచెత్తింది. వాన కేంద్రం పడమటగా ఉండటంతో బెర్న్ వైపు కొండల్లో ఎక్కువ నష్టం జరిగింది. అదే వాన సీల్ లోయ మీద కురిసి ఉంటే? లెక్కలు వేసుకున్న అధికారులకు చెమటలు పట్టాయి. స్టేషన్ కింది ఆ అయిదు దారులూ అంత నీటిని మింగలేవు. దుంగలు, కొమ్మలు కొట్టుకొచ్చి అడ్డం పడితే ఇక చెప్పక్కర్లేదు. నీళ్లు భూగర్భ ప్లాట్‌ఫారాల్లోకి, దుకాణాల్లోకి, పేటల్లోకి వెళతాయి. నష్టం వందల కోట్ల ఫ్రాంకుల్లో ఉంటుందని తేల్చారు.

ఏం చేయాలి? స్టేషన్‌ను ఎత్తలేరు, నదిని వెడల్పు చేయడానికి నగరంలో జానెడు జాగా లేదు. అప్పుడు మళ్లీ ఆ పాత గట్టు గుర్తొచ్చింది. లాంగ్నౌ దగ్గర నదికీ సరస్సుకూ మధ్య రెండు కిలోమీటర్లే కదా! గట్టు కింద సొరంగం తవ్వి, ప్రమాదకరంగా పొంగినప్పుడు పైపైన వచ్చే నీటిని తాల్విల్ దగ్గర సరస్సులోకి పంపేస్తే సరి. సరస్సు విస్తీర్ణం 88 చదరపు కిలోమీటర్లు. పది లక్షల ఘనపు మీటర్ల నీళ్లు వచ్చి పడినా దాని మట్టం సెంటీమీటరుకు కాస్త ఎక్కువ పెరుగుతుంది, అంతే. నగరాన్ని ముంచేసే నీళ్లు సరస్సుకు ఒక గుక్క. 2022లో పనులు మొదలయ్యాయి. 2026లో సొరంగాన్ని వాడకంలోకి తేవాలన్నది ప్రణాళిక. ఏడాది పొడవునా అది ఖాళీగానే ఉంటుంది. ఎన్నో ఏళ్లకోసారి వచ్చే ఆ ఒక్క రాత్రి కోసం.

చివరికి కలిసింది

స్టేషన్ చీకట్లోంచి బయటపడ్డ సీల్‌కి ఇక మిగిలింది కొన్ని వందల మీటర్లే. ఎడమ ఒడ్డున రోడ్డు, కుడి ఒడ్డున జాతీయ ప్రదర్శనశాల, దాని వెనక ప్లాట్స్‌స్పిట్జ్ పార్కు. రెండు నదుల మధ్య మొనలా పొడుచుకొచ్చిన నేల అది. ఆ పార్కులో గెస్నర్ స్మారకం ఉంది. ఎగువ అడవిలో కట్టెల లెక్కలు చూసిన కవి, దిగువన నది ముగిసేచోట రాతిలో నిలిచాడు. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్‌కి కూడా ఈ మొన ఇష్టమైన చోటు. తన చివరి నవలలో వందల నదుల పేర్లు ఇమిడ్చినప్పుడు ఈ రెండింటినీ మర్చిపోలేదాయన. ఇదే పార్కు 1980ల చివర్లో మత్తుమందులకు బానిసలైన వేలమందికి అడ్డాగా మారి ప్రపంచమంతా చెప్పుకునేలా అయింది. 1992లో మూసేసి, శుభ్రం చేసి, తర్వాత మళ్లీ తెరిచారు. ఇప్పుడు మధ్యాహ్నాలు ఆఫీసులవాళ్లు గడ్డిమీద కూర్చుని అన్నాలు తింటుంటారు.

ఆ మొన చివర నిలబడి చూస్తే రెండు రంగులు కనిపిస్తాయి. కుడివైపు లిమ్మత్, తేటగా, ఆకుపచ్చగా. ఎడమవైపు సీల్, వాన కురిసిన రోజుల్లో మట్టిరంగులో. కొంతదూరం పక్కపక్కనే పారి తర్వాత ఒక్కటవుతాయి. అక్కణ్నుంచి ఆరే, ఆ తర్వాత రైన్, చివరికి ఉత్తర సముద్రం.

లిమ్మత్ ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పనేలేదు కదూ! జూరిక్ సరస్సులోంచి. ఆ తేటనీరంతా సరస్సుదే. కొండమీంచి దిగి, గట్టు అడ్డమొచ్చి, ముప్పై కిలోమీటర్లు పక్కపక్కనే నడిచి, కట్టెలు మోసి, చక్రాలు తిప్పి, రోడ్డు కింద, రైళ్ల కింద తలవంచుకుని వచ్చిన ఆ చిన్న నది... చిట్టచివరికి ఇక్కడ సరస్సును కలుసుకుంటుంది.